బ్రేకర్ ఆఫ్ చేయడం వేరు, బయటికి తీయడం వేరు

పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవమని మనవి. తెలుగు మాట్లాడడం వచ్చి చదవడం రాని పిల్లలు మన ఇళ్ళల్లో ఎక్కువైపోయారు. కాబట్టి ఎలక్ట్రికల్ పనికి వెళ్ళే కుర్రాళ్ళున్న ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా దీన్ని పైకి చదివి వినిపించండి. ఒక్కసారి కూర్చోబెడితే చాలు.

కిందటి మీటింగులో లెక్కలన్నీ అయిపోయాక ఒక అమ్మ లేచి అడిగింది. "మావాడు కలుంగాలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో చేరాడు. బ్రేకర్ బయటికి లాగే పనంటాడు. ఇంట్లో ఫ్యూజు తీసినట్టేనా అంటే నవ్వుతాడు. మీరంతా ఆ పని చేసినవాళ్ళే కదా, చెప్పండి." మేం నలుగురం అక్కడే ఉన్నాం. నలుగురమూ జీవితమంతా సబ్‌స్టేషన్లలో గడిపి రిటైరైనవాళ్ళం. "కాదమ్మా, ఫ్యూజు తీసినట్టు కాదు" అని మాత్రం చెప్పగలిగాం, ఎందుకంటే వెనక టీలు వచ్చేశాయి. మిగతా జవాబు ఇక్కడ రాస్తున్నాం.

మన తాతలూ తండ్రులూ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి రూర్కెలా వచ్చినప్పుడు ఇక్కడ ప్లాంటు ఇంకా కడుతున్నారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1959 ఫిబ్రవరి 3న. ఆ తరంలో ఎలక్ట్రికల్‌లో చేరినవాడికి పర్మనెంటు ఉద్యోగం ఉండేది, ట్రైనింగు ఉండేది, పక్కన నిలబడి నేర్పే సీనియర్ ఉండేవాడు. బ్రేకర్ హ్యాండిల్ చేతికివ్వడానికి ముందు నెలల తరబడి చూడనిచ్చేవారు. ఇప్పుడు మన పిల్లలు ఐటీఐ సర్టిఫికెట్టుతో కాంట్రాక్టరు కింద కలుంగా, కువార్‌ముండా, రాజ్‌గాంగ్‌పూర్ వైపు పోతున్నారు. చేరిన వారానికే నైట్ షిఫ్టులో ఫోను వస్తుంది, "ఫలానా ఫీడర్ బ్రేకర్ తీసెయ్" అని.

ఈ బ్రేకర్ ఏమిటో తెలియనివాళ్ళ కోసం ముందు ఆ సంగతి. ఇంట్లో బోర్డు మీద ఉండే ఎంసీబీ బొటనవేలంత ఉంటుంది. ఫ్యాక్టరీలో 11 కేవీ బ్రేకరంటే ఇనుప బీరువాలో చక్రాల మీద నిలబెట్టిన బండి. కరెంటు ఎంత పారుతున్నా, లైనులో షార్టు అయి మామూలుకి పదింతలు ఇరవై ఇంతలు పారుతున్నా, దాన్ని తెంచగల శక్తి దానికుంది. మేం చేరిన రోజుల్లో నూనెలో మునిగి ఉండే బ్రేకర్లు ఉండేవి. ఇప్పుడు ఎక్కువగా వాక్యూమ్‌వి. గాలి తీసేసిన సీసాలాంటి దానిలో రెండు కాంటాక్టులు కొద్ది మిల్లీమీటర్లు విడిపోతాయి, మధ్యలో పుట్టిన మంట కరెంటు సున్నా దాటే క్షణంలో ఆరిపోతుంది. మన కరెంటు సెకనుకి వందసార్లు సున్నా దాటుతుంది కాబట్టి ఇదంతా కంటికి అందదు.

కానీ ఆ బండి వెనక ఆరు చేతులు ఉంటాయి. మూడు పైనా, మూడు కిందా. ఒక వరస బస్‌బార్‌కి, రెండోది బయటికి పోయే కేబుల్‌కి. బండిని లోపలికి తోస్తే ఆ చేతుల చివరనున్న వేళ్ళలాంటి కాంటాక్టులు లోపలున్న కడ్డీలను పట్టుకుంటాయి. గోడ సాకెట్లో ప్లగ్గు పెట్టినట్టే. ఈ వేళ్ళ దగ్గర వాక్యూమ్ లేదు, నూనె లేదు, మంటను ఆర్పేది ఏదీ లేదు. బ్రేకర్ ఆన్‌లో ఉండగా బండిని వెనక్కి లాగితే తెంచే పని సీసాలో జరగదు, ఈ వేళ్ళ దగ్గర, గాలిలో జరుగుతుంది. అక్కడ పుట్టే ఆర్క్ ఆగదు, ఒక ఫేజు నుంచి ఇంకో ఫేజుకి పాకుతుంది. దాని వేడి 19,000 డిగ్రీల దాకా పోతుందని లెక్క. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీలు. రాగి ఆవిరైపోతుంది, బీరువా తలుపు ఊడి వస్తుంది. ఆ తలుపు ముందు నిలబడేది హ్యాండిల్ తిప్పే కుర్రాడు.

షాకు కొట్టడం గురించే అందరికీ భయం. తీగ ముట్టుకోకుండానే, నాలుగడుగుల దూరంలో ఉండి కాలిపోవచ్చని చాలామందికి తెలియదు. అమెరికాలో రాల్ఫ్ లీ అనే ఇంజనీరు 1982లో దీన్ని లెక్కకట్టి చూపించేదాకా పరిశ్రమల్లో కూడా దాన్ని విడిగా పట్టించుకున్నది తక్కువే.

ఇప్పుడు మాటల సంగతి. మనలాంటి ఊళ్ళలో ఇది యంత్రం కంటే పెద్ద సమస్య అని మా నలుగురి అభిప్రాయం. ప్యానెల్ మీద రాత ఇంగ్లీషు. ఇంజనీరు హిందీ. ఫోర్‌మన్ ఒడియా. కుర్రాడి బుర్రలో తెలుగు. ఇంగ్లీషులో బ్రేకర్ "క్లోజ్" అంటే ఆన్ చేయడం, "ఓపెన్" అంటే ఆఫ్ చేయడం. హిందీలో "బంద్ కరో" అంటే ఆఫ్ చేయమని. బంద్ అంటే మూయడమే కదా, అంటే క్లోజే కదా! మన ఇంట్లో "కొళాయి కట్టెయ్" అంటే నీళ్ళు ఆపమని, "లైటు కట్టెయ్" అంటే ఆర్పమని. కొళాయి తెరిస్తే నీళ్ళు పారతాయి, బ్రేకర్ తెరిస్తే కరెంటు ఆగుతుంది. పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నదానికి ఇది పూర్తిగా తలకిందులు. నిద్రమత్తులో ఉన్నవాడికి ఫోనులో "క్లోజ్ కర్ దో" అని వినపడితే వాడు ఏం చేస్తాడో ఆ దేవుడికే తెలియాలి.

దీనికి తోడు మన "తీసెయ్" ఒకటి. "కరెంటు తీసేశారు" అంటాం, "ఫ్యూజు తీసెయ్" అంటాం. "బ్రేకర్ తీసెయ్" అంటే ఆఫ్ చేయమనా, బండిని బయటికి లాగమనా? రెండు పనులకీ మధ్య ఉన్నది ఒక మనిషి ప్రాణం. అందుకే మేం షిఫ్టులో ఉన్నన్నాళ్ళూ రెండే మాటలు వాడాం, ఆన్, ఆఫ్. బండి విషయానికి "సర్వీస్", "టెస్ట్", "ఐసోలేటెడ్". ఇవి కాక ఇంకేమాట వినపడినా తిరిగి అడగడమే. విన్నదాన్ని విన్నట్టు ప్యానెల్ నంబరుతో సహా తిరిగి చెప్పడం, అవతలివాడు అవునన్నాక లాగ్ బుక్కులో టైముతో రాయడం. నామోషీ అనుకోకండి. విమానం నడిపేవాళ్ళు కూడా అలాగే తిరిగి చెబుతారు.

ఆ మూడు స్థానాలేమిటో రెండు ముక్కల్లో. సర్వీస్ అంటే బండి పూర్తిగా లోపల ఉంది, వేళ్ళు పట్టుకుని ఉన్నాయి. టెస్ట్ అంటే వేళ్ళు వదిలేశాయి కానీ కంట్రోల్ ప్లగ్గు ఇంకా ఉంది, బటన్ నొక్కి బ్రేకర్ పనిచేస్తోందో లేదో చూడొచ్చు. ఐసోలేటెడ్ అంటే ప్లగ్గు కూడా ఊడింది. బ్రేకర్ ఆన్‌లో ఉంటే హ్యాండిల్ దూరకుండా, బండి మధ్యలో ఉంటే బ్రేకర్ ఆన్ కాకుండా తయారుచేసినవాడే లోపల అడ్డం పెడతాడు. ఇంటర్‌లాక్ అంటే అదే.

ఇక మా కళ్ళ ముందు జరిగింది. ఫ్యాక్టరీ పేరు రాయం, మనిషి పేరూ రాయం, ఆయనే వద్దన్నాడు. 1980ల చివర్లో, మాలో ఇద్దరం అదే షిఫ్టులో ఉన్నాం. 6.6 కేవీ లైనప్పు. ఏడో ప్యానెల్ పంపు మోటారుది, దాని బ్రేకర్ బయటికి తీయాలి. కంట్రోల్ రూములో ఏడుని ట్రిప్ చేశారు, పచ్చ లైటు వచ్చింది, అక్కడ తప్పేమీ లేదు. ఆయన హ్యాండిల్ పట్టుకుని సబ్‌స్టేషన్‌కి వెళ్ళాడు. ఏడో నంబరున్న బ్రేకర్ ముందు నిలబడ్డాడు. ఆ నంబరు రాసి ఉన్నది బండి మీద. అంతకుముందు షట్‌డౌన్‌లో సర్వీసింగుకి తీసిన బండ్లను తిరిగి పెట్టేటప్పుడు ఏడుదీ ఎనిమిదిదీ మారిపోయాయి. రెండూ ఒకే రకం కాబట్టి చక్కగా కూర్చున్నాయి. పైన ప్యానెల్ మీద అసలు నంబరు ఉండాల్సిన పట్టీ రంగు వేసినప్పుడు మూసుకుపోయింది. ఎనిమిది ఆన్‌లో ఉంది, లోడు మీద ఉంది. దాని ఎర్ర లైటు బల్బు మాడిపోయి చాలా రోజులైంది. ఇంటర్‌లాక్ అడ్డుకోవాలి కదా అంటారా? బండి బిగుసుకుంటోందని ఆ పిన్ను ఎవరో అంతకుముందే తీసి పక్కన పెట్టారు. మెయింటెనెన్స్ వాళ్ళ రిజిస్టరులో రాసి కూడా ఉంది, "తర్వాత పెట్టాలి" అని.

నాలుగైదు తిప్పులు తిప్పాడేమో. మేం విన్నది చప్పుడు కాదు, ముందు దీపాలన్నీ వంగినట్టయి తర్వాత చెవులు మూసుకుపోయాయి. ఆయన బతికాడు, ఎందుకంటే ఎదురుగా కాకుండా కాస్త పక్కకి ఒరిగి తిప్పే అలవాటుంది. రెండు చేతులూ మెడా కాలిపోయాయి. పాలిస్టర్ చొక్కా ఒంటికి అతుక్కుని, దాన్ని తీసేటప్పుడు పడ్డ బాధ గురించి ఇప్పటికీ మాట్లాడడు. వేళ్ళు పూర్తిగా ముడవడం రావు. మనవడి బారసాలకి ఉయ్యాల తాడు పట్టుకోలేకపోయాడు, మోచేతితో ఊపాడు. ఎంక్వయిరీలో "ఆపరేటర్ అజాగ్రత్త" అని రాశారు. పిన్ను తీసినవాడెవరు, నంబర్లు మార్చినవాడెవరు, బల్బు మార్చనివాడెవరు, ఏదీ రాయలేదు. ఆ కోపం మాకు ఇంకా పోలేదు.

అందుకని కుర్రాళ్ళకి మేం చెప్పే పద్ధతి ఇది. ఇది మీ కంపెనీ రాసి పెట్టిన విధానానికి బదులు కాదు, తయారీదారు పుస్తకానికి బదులు కాదు. అవి అడిగి తీసుకోండి.

వీలైనంతవరకూ బ్రేకర్‌ని దూరం నుంచి ఆఫ్ చేయించండి, కంట్రోల్ రూము నుంచి. ఆ ముందు బ్యాటరీ వోల్టేజి చూడండి. బ్రేకర్‌కి ట్రిప్ అయ్యే బలం 110 లేదా 220 వోల్టుల డీసీ నుంచి వస్తుంది. బ్యాటరీ చచ్చి ఉంటే ఎన్నిసార్లు స్విచ్ తిప్పినా అది కదలదు. ఆఫ్ అయ్యాక పచ్చ లైటు ఒక్కదాన్నే నమ్మొద్దు. (బంధువులకి చెబితే నవ్వుతారు కానీ మా లోకంలో ఎరుపంటే ఆన్, పచ్చంటే ఆఫ్. రోడ్డు సిగ్నలు అలవాటుతో చూడకూడదు.) మూడు ఫేజుల్లోనూ అమ్మీటరు సున్నా చూపాలి. రెండు సున్నా చూపించి ఒకటి కొంచెం చూపిస్తే ఒక పోలు అతుక్కుపోయి ఉండొచ్చు. అప్పుడు బండిని ముట్టుకోవద్దు, పైనున్న ఇన్‌కమర్ ఆపించి ఆ బస్సు మొత్తం చల్లారాకే పని. అలాగని అమ్మీటరు సున్నా ఉంటే ఆఫ్ అయినట్టూ కాదు, మోటారు ఆగి ఉన్నా సున్నాయే చూపిస్తుంది. బ్రేకర్ ముఖం మీద చిన్న కిటికీలో ఆన్ అనో ఆఫ్ అనో ఒక రేకు కనిపిస్తుంది. అది మెకానిజంతో పాటు తిరిగేది. దుమ్ము తుడిచి దాన్ని చూడండి. ప్యానెల్ నంబరు కదలని ఫ్రేము మీద చదవండి, బండి మీద కాదు, తలుపు మీద కాదు. కంట్రోల్ రూములో ఉన్నవాడు ఆ నంబరుకే ఆఫ్ చేశాడని ఫోనులో మళ్ళీ ఒకసారి.

ఒంటరిగా వెళ్ళొద్దు. రెండోవాడు దూరంగా, దారికి అడ్డం లేకుండా నిలబడాలి. కాలి కింద రబ్బరు మ్యాటు, చేతికి ఆ వోల్టేజికి తగిన గ్లవ్స్, గాలి ఊది చిల్లులేవీ లేవని చూసుకున్నవి. ఆర్క్ సూటు ఉంటే దాని మీద 8, 25, 40 అని క్యాలరీల అంకె ఉంటుంది, ఆ ప్యానెల్‌కి ఎంత కావాలో ఇంజనీరుని అడగండి. చర్మం పొక్కడానికి చదరపు సెంటీమీటరుకి 1.2 క్యాలరీలు చాలు. సూటు ఇవ్వని చోట కనీసం నూలు బట్టలు. కడియం, ఉంగరం, గొలుసు, వెండి మొలతాడు ఇంట్లో పెట్టి రండి. మాల వేసుకున్న స్వాములు చెప్పుల్లేకుండా డ్యూటీకి వస్తారు, నల్ల బట్ట కూడా చాలాసార్లు పాలిస్టరే. మన గురుస్వామిగారిని అడిగితే, డ్యూటీలో బూట్లు వేసుకో నాయనా, ఇంటికొచ్చి స్నానం చెయ్యి అన్నారు. కాబట్టి ఆ వంక చెల్లదు.

తలుపు మూసి ఉంచే తిప్పగలిగే ప్యానెలైతే మూసే తిప్పండి. పక్కకి నిలబడి, ముఖం తిప్పుకుని, నిదానంగా. హ్యాండిల్ దూరకపోయినా మధ్యలో బిగుసుకున్నా పైపు తొడిగి బలం పెట్టొద్దు. ఇంటర్‌లాక్ అడ్డుపడుతోందంటే అది మీకు ఏదో చెబుతోంది. బయటికి వచ్చాక స్ప్రింగు ఛార్జ్ అయి ఉంటుందని మరవొద్దు. మోటారు సప్లై తీసి, తయారీదారు చెప్పినట్టు ఒకసారి ఆన్, ఒకసారి ఆఫ్ నొక్కి దించేయండి. చేయి పెట్టినప్పుడు అది విడిపోతే వేలు తెగుతుంది. తాళం వేసి, మీ పేరున్న ట్యాగు కట్టి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి.

ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. బండి బయటికొచ్చినా లోపల బస్సు వైపు రంధ్రాల వెనక 11 కేవీ ఇంకా ఉంది. షట్టర్లు వాటంతట అవే పడతాయి, పడ్డాయో లేదో కళ్ళతో చూడాలి, చేత్తో ఎత్తి చూడకూడదు. ఏది బస్సు వైపు, ఏది కేబుల్ వైపు అన్నది ప్యానెల్‌ని బట్టి మారుతుంది. కేబుల్ వైపు కూడా నమ్మకం లేదు, అవతల చివర జనరేటరు నుంచో ఇంకో సబ్‌స్టేషన్ నుంచో కరెంటు వెనక్కి రావచ్చు. ఏమీ రాకపోయినా పొడుగాటి కేబుల్ తనలో ఛార్జి దాచుకుంటుంది. టెస్టర్ పనిచేస్తోందని ముందు చూసి, కేబుల్ చూసి, మళ్ళీ టెస్టర్ చూసి, ఆ తర్వాతే ఎర్తింగ్. ఎర్త్ రాడ్డు వాడితే ముందు భూమి వైపు క్లాంపు, తర్వాత లైను వైపు. తీసేటప్పుడు దానికి ఎదురు. అప్పుడు, అప్పుడే, "లైన్ డెడ్" అనొచ్చు.

ఇదంతా మీటింగు తర్వాత నలుగురిలో చెబుతుంటే మన సభ్యుల్లోనే ఒక కాంట్రాక్టరుకి కోపం వచ్చింది. "మీరు పిల్లల్ని ఎదురు తిరగమని నేర్పిస్తున్నారు. వాడు అరగంట ఆలస్యం చేస్తే ఫర్నేస్ ఆగుతుంది, మర్నాడు నా పనే పోతుంది. పని పోతే మీ సంఘం అన్నం పెడుతుందా?" అన్నాడు. ఆయన మాటలో నిజం లేదని అనం. అయితే చట్టం కూడా ఉంది. 1956 రూల్సు నాటి నుంచీ, ఇప్పుడు 2023లో వచ్చిన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల దాకా, ఇలాంటి సామగ్రి మీద ఎవరు పనిచేయవచ్చో వాళ్ళను పేరు పేరునా నియమించి జాబితా పెట్టాలి. జాబితాలో పేరులేని కుర్రాడి చేతికి హ్యాండిల్ ఇస్తే అది వాడి తప్పు కాదు. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత, ఈఎస్ఐ లేనిచోట, కాంట్రాక్టరుతో ఆగదు, పని చేయించుకున్న యజమాని మీద కూడా ఉంటుంది. 1923 నాటి చట్టమే ఆ మాట చెప్పింది. ఈ సంగతి ఆయన మీ కంపెనీవాళ్ళకి చెబితే అరగంట దొరుకుతుందని మా ఆశ.

రెండు రోజుల తర్వాత ఆ కాంట్రాక్టరే ఫోను చేశాడు. సంఘం హాల్లో ఆదివారాలు క్లాసు పెడితే తన దగ్గర ఉన్న పాత బ్రేకర్ బండి ఒకటి, తుక్కుకి కొన్నది, తెచ్చి ఇస్తానన్నాడు. ఒక్కటే షరతు. తన దగ్గర తెలుగువాళ్ళు ఆరుగురే, మిగతా పధ్నాలుగు మంది ఒడియా, ఆదివాసీ కుర్రాళ్ళు, వాళ్ళూ రావాలి, క్లాసు హిందీలో చెప్పాలి. కమిటీలో ఇద్దరు పెద్దలు అభ్యంతరం పెట్టారు, ఇది తెలుగు సంఘం హాలు కదా అని. వాళ్ళ బాధ మాకు తెలుసు, ఆ హాలు కట్టడానికి చందాలు ఎలా పోగయ్యాయో మేమూ చూశాం. కానీ మన కుర్రాడు హ్యాండిల్ తిప్పుతుంటే కంట్రోల్ రూములో ఆఫ్ చేసేది ఆ ఒడియా కుర్రాడే. ఇద్దరూ ఒకే మాట నేర్చుకోకపోతే ఒకడు నేర్చుకుని ఏం లాభం? చివరికి ఒప్పుకున్నారు, హాలు శుభ్రం మాత్రం మేమే చేసుకోవాలన్నారు.

వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మొదలు. నూలు చొక్కా, బూట్లు, ఒక నోటుబుక్కు. ఫీజు లేదు. మొదటి రోజు బండిని ముట్టుకోనివ్వం, ఆన్, ఆఫ్, తిరిగి చెప్పడం, ఇంతే. చేతులు కాలిన ఆయన కూడా వస్తానన్నాడు. హ్యాండిల్ పట్టుకోలేడు కాబట్టి, పట్టుకున్నవాడి పక్కన నిలబడి నంబరు చదివిస్తానన్నాడు.